సరిగ్గా అనేదాకా ఎవరూ పలకొద్దు

జూన్ 16, సోమవారం

స్కూలు తెరిచారు. మా రుతుజ సీనియర్ కేజీకి వచ్చింది. కొత్త బూట్లు కరిచినా ఏడవలేదు. గేటు దగ్గర టీచర్ పేరడిగితే లుతుజ అంది. సెలవుల్లో ఏం చేశావంటే చాలా పెద్ద సంగతే చెప్పింది, చేతులు తిప్పుకుంటూ. టీచర్ చివరిదాకా విని నా వైపు తిరిగింది. అది మాట్లాడింది మరాఠీలోనే. మరాఠీ టీచర్‌కి మరాఠీని నేను మరాఠీలోకి మార్చి చెప్పాను.

వాన. బస్సు దొరకలేదు. ఆఫీసుకు లేట్.

జూన్ 19, గురువారం

ముంబయి కామాటిపురలో మా చాల్‌ది పొడుగు గ్యాలరీ, దాని వెంట వరసగా ఒంటిగది ఖోలీలు. టీవీ లేని ఖోలీ లేదు. అయినా సాయంత్రమైతే అందరికీ రుతుజే కావాలి.

దానికి క రాదు. క అనాల్సిన చోటల్లా త అంటుంది, గ అనాల్సిన చోట ద. కుక్క తుత్త. గాజులు దాజులు. మార్చిలో ఐదు నిండాయి, అయినా అంతే. మా ఆయన ప్రతీక్ తమ్ముడు సాహిల్‌ని, బాబాయి కదా, కాక అనబోయి తాత అంటుంది. వాడికింకా పెళ్ళి కాలేదు. గ్యాలరీ మొత్తం వాడిని తాత అనే పిలుస్తోంది, వాడికి అదొక గొప్ప.

పక్క ఖోలీ రాములమ్మ రోజూ దీన్ని ఆపి, ఏదీ బిడ్డా, కుక్క అను, అంటుంది. తుత్త అంటుంది ఇది. అందరూ నవ్వుతారు, చాక్లెట్ ఇస్తారు. మా అత్త పెంటమ్మ నవ్వితే ఉన్న పళ్ళన్నీ లెక్కపెట్టొచ్చు. నేను ఇవాళ తలుపు గట్టిగా వేశాను. అత్త వెనకాలే వచ్చింది. ప్రతీక్ గూడ చిన్నప్పుడు గట్లనే మాట్లాడిండు, మీదికెల్లి ఇంట్ల తెలుగు, గల్లీల హిందీ, బడిల మరాఠీ, పోరి పరేషాన్ గాదా, అదే వస్తది తియ్యి, అంది.

నేను కాల్ సెంటర్‌లో పనిచేస్తాను. నోరే నా తిండి. నా కూతురు గ్యాలరీకి తమాషా.

జూన్ 28, శనివారం

టీచర్ పిలిపించింది. క్లాసులో పిల్లలు దీన్ని తుత్త అని పిలుస్తున్నారట. ఆపాననీ, అయినా వెనకాల అంటున్నారనీ చెప్పింది. నాలుగేళ్ళు నిండిన పిల్ల మాట కొత్తవాళ్ళకు కూడా దాదాపు అంతా అర్థం కావాలట. రుతుజ మాట సగం కూడా అందట్లేదట. ముందు చెవులు చూపించండి, తర్వాత స్పీచ్ థెరపిస్ట్ దగ్గరికి వెళ్ళండి, ఇంకా ఆగొద్దు అంది. మెత్తగానే చెప్పింది. ఆ మెత్తదనమే నాకు మండింది. నా బిడ్డ చెవిటిదా?

ఇంటికొచ్చి దాని వెనకాల స్టీలు గిన్నె పడేశాను. ఉలిక్కిపడి తిరిగింది. చెవులు బాగానే ఉన్నాయి.

జూన్ 29, ఆదివారం

అత్త ఎవరితోనో వసకొమ్ము తెప్పించింది. తేనెలో అరగదీసి తన ఉంగరంతో దాని నాలుక మీద రాసింది. వస పోస్తే మాట తేటగా వస్తుందట. సాహిల్ కాళ్ళు పట్టుకున్నాడు, ప్రతీక్ తల పట్టుకున్నాడు. నేను అన్నం వార్చుతున్నాను. ఆపలేదు. పని చేస్తే చేస్తుందిలే అనుకున్నాను.

వాంతి చేసుకుంది. చేసుకుని, తాలందుంది, అంది. కారంగా ఉందట. అందరూ పడీ పడీ నవ్వారు. నాక్కూడా నవ్వొచ్చింది, నిజం చెప్పాలంటే.

జులై 11, శుక్రవారం

చివరికి లీవు పెట్టి హాస్పిటల్‌కి తీసుకెళ్ళాను. ప్రతీక్ రాలేదు. నాగ్‌పాడా గ్యారేజ్‌లో వాళ్ళ సేఠ్ ఒప్పుకోడట. ఇంతకీ చెప్పుకోవడానికి సిగ్గు, అదీ సంగతి.

గాజు గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్ పెట్టారు. బీప్ వినిపించినప్పుడల్లా డబ్బాలో ఒక బిళ్ళ వేయాలి. చక్కగా వేసింది. చెవులు నార్మల్. గిన్నె పడేసి చూశానని చెబితే ఆ అమ్మాయి, దానివల్ల తెలీదండీ, కొంతమంది పిల్లలకు పెద్ద చప్పుడు వినిపిస్తుంది, చిన్న శబ్దాలు పోతాయి, అంది.

తర్వాత స్పీచ్ మేడం. నాకంటే చిన్నది. రుతుజతో నేల మీద కూర్చుని బొమ్మలాడింది, నోట్లో టార్చి వేసి చూసింది. నాలుక బాగుందట. ర సంగతి ఇంకో ఏడాది రెండేళ్ళు చూడొచ్చట. క, గ మాత్రం ఈపాటికి వచ్చేయాలట. మూడు భాషలు కారణం కాదట. ఏ భాషలో మాట్లాడినా అదే తప్పు చేస్తోంది కదా అంది. ఇంట్లో తెలుగు మానొద్దంది. ఇంకొంచెం ముందొస్తే బాగుండేది, ఇప్పుడైనా ఏం మించిపోలేదు, నేర్చుకుంటుంది అంది.

వారం వారం రమ్మంది. ఇంట్లో వెల్లకిలా పడుకోబెట్టి, నీళ్ళు లేకుండానే గొంతులో పుక్కిలించే ఆట ఆడించమంది. అన్నిటికంటే ముఖ్యం, తప్పు అనొద్దు, మళ్ళీ అను అనొద్దు, నవ్వొద్దు. అది తుత్త అంటే, అవును కుక్క, పెద్ద కుక్క, అని మీరు సరిగ్గా అని ముందుకు పోండి, అంతే.

అంతే. దీనికి లీవు పెట్టి వచ్చాను.

కాల్ సెంటర్ ట్రైనింగ్‌లో మా తప్పుల్ని రికార్డు చేసి అందరి ముందు పెట్టేవారు. నేను జీరోలో ఇంగ్లీషు z పలకలేకపోయేదాన్ని. అందరూ నవ్వారు. వారం తిరగకుండా నేర్చుకున్నాను. సిగ్గు వేస్తే నాలుక దానంతటదే తిరుగుతుంది. ఆ మేడంకి పిల్లలు లేరనుకుంటాను.

జులై 18, శుక్రవారం

రెండోసారి వెళ్ళాం. వెల్లకిలా పడుకుని పుక్కిలించే ఆట ఆడుతూ ఒకసారి క లాంటిదేదో అంది. మేడం చప్పట్లు కొట్టింది. లేచి కూర్చోగానే మళ్ళీ త. ఇట్లాగే వస్తుంది, నెమ్మదిగా, అంది మేడం. నెమ్మది అనే మాటంటేనే నాకు పడదు.

జులై 19, శనివారం

క్లాసులో ఎవరిదో బర్త్‌డే. కేక్ అను, అంటేనే ముక్క ఇస్తాం అన్నారట పిల్లలు. ఇది తేత్, తేత్ అంటూ వరసలో వెనక్కి పోయి ఆఖర్న తీసుకుందట. చేతి మీద క్రీమ్ ఎండిపోయి ఉంది. బాగుందమ్మా అని నాకు చెప్పింది, బాదుంది అని.

నాకు ఆ పిల్లల మీద కోపం రాలేదు. దీని మీద వచ్చింది.

జులై 20, ఆదివారం

నల్లా దగ్గర అందరూ ఉండగా చెప్పేశాను. రుతుజ సరిగ్గా అనేదాకా ఎవరూ పలకొద్దు. చాక్లెట్లు బంద్. ఏదడిగినా సరే, క అని అడిగితేనే ఇవ్వాలి. తప్పుగా అంటే వినబడనట్టు ఉండాలి.

తిడతారనుకున్నాను. ఎంత సంబరపడ్డారో. గ్యాలరీకి కొత్త ఆట దొరికింది.

రాములమ్మ మాత్రం, హాస్పటల్ల గిట్లనే చెయ్యమన్నరా, అని అడిగింది. అవునన్నాను.

జులై 23, బుధవారం

సాహిల్ అందరికంటే బాగా ఆడుతున్నాడు. ఇది తాతా తాతా అని వెనకాల తిరుగుతుంటే ఫోన్ చూసుకుంటూ ఎవరూ లేనట్టు నడుస్తాడు. తూల తావాలె అంటే నేను గిన్నె మీద మూత పెడతాను. మొదటి రోజు ఏడ్చింది. ఇవాళ ఏడవలేదు, ఉత్త అన్నం తిని లేచింది.

అత్త దొంగతనంగా కూర పెట్టడం చూశాను. రూల్ తప్పితే రుతుజను వర్లిలో మా అమ్మ దగ్గర పెడతానని చెప్పాను. నీ అసొంటి తల్లిని నేను యాడ జూడలే, అంది అత్త. పెట్టడం మానేసింది.

జులై 27, ఆదివారం, సాయంత్రం

వచ్చింది! క వచ్చింది!

మొత్తం రాయాలి. మా గ్యాలరీ చివర ఉమ్మడి మరుగుదొడ్లు, ఆ సండాస్‌లకు తలుపులు నిలబడవు, గాలికి కొట్టుకుంటాయి. అందుకని దాటేవాళ్ళు ఎవరైనా చెయ్యి చాపి బయటి కడీ, అదే గడియ, వేసేస్తారు, అదొక అలవాటు. పెద్దవాళ్ళు లోపలుంటే చెంబు మోగిస్తారు. పిల్లలకు లోపలి కడీ అందదు, ఊరికే తలుపు దగ్గరికి వేసుకుని కూర్చుంటారు. ఎవరో ఒకరు బయట వేసేస్తారు, వాళ్ళు కడీ తీయుండ్రి అని అరుస్తారు, ఎవరో ఒకరు తీస్తారు. ప్రతి పిల్లకీ జరిగేదే. నాకూ జరిగింది చిన్నప్పుడు, వర్లి చాల్‌లో.

ఇవాళ రుతుజకు జరిగింది. తడీ, తడీ, అని అరిచింది. అందరూ బకెట్లతో అక్కడే ఉన్నారు. ఎవరూ కదల్లేదు. నేను చెప్పిన రూలే కదా. ఏమంటున్నవ్ బిడ్డా, సమజ్ అయితలేదు, అన్నాడు సాహిల్. పిల్లలు చప్పట్లు మొదలుపెట్టారు. తాతా, అని పిలిచింది లోపలినుంచి. తాత ఊర్ల ఉన్నడు, ఈడ లేడు, అన్నాడు. ఒకటే నవ్వులు.

నేను ముందుకు వెళ్ళి కడీ మీద చెయ్యి పెట్టాను. సరిగ్గా అను, తీస్తాను, అన్నాను. తలుపు బాదింది. తడీ అమ్మా, తడీ. బయట వాన, లోపల బల్బు ఎప్పుడో పోయింది. కరెక్ట్‌గా అను, అన్నాను. రాములమ్మ, ఇగ చాలు, తియ్యరాదు, అని నా భుజం లాగింది. నేను వదిలించుకున్నాను. ఇప్పుడు తీస్తే ఇన్నాళ్ళూ చేసింది వృథా. లోపల బాదడం ఆగింది.

తర్వాత అంది. కడీ. అంత స్పష్టంగా నేను కూడా అనలేను. గొంతు లోపలినుంచి, గీరినట్టు. కడీ.

గ్యాలరీ దద్దరిల్లింది. తీయగానే ఎత్తుకున్నాను. ఫ్రాకంతా తడిసిపోయి ఉంది, తలుపు బాది చేతులు ఎర్రబడ్డాయి. ముద్దు పెట్టుకున్నాను. ఏడుస్తోందేమో అని చూస్తే ఏడవట్లేదు. సాహిల్ పేడాలు తెచ్చాడు. ప్రతీక్ గ్యారేజ్ వాళ్ళందరికీ ఫోన్ చేసి చెప్పాడు.

అత్త పేడా తీసుకోలేదు. పోరి పాణం తీసినవ్, అని గోడ వైపు తిరిగి పడుకుంది. అసూయ.

జులై 28, సోమవారం

హాస్పిటల్‌కి ఫోన్ చేసి ఇక రామని చెప్పాను.

ఆగస్టు 6, బుధవారం

తప్పులు సున్నా. పదిరోజుల్లో ఒక్కసారి కూడా తుత్త అనలేదు, తాత అనలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. ఇదివరకు అది తావాలె, ఇది తావాలె అని ప్రాణం తీసేది. ఇప్పుడు ఏదీ అడగదు. పెట్టింది తింటుంది. కూర వద్దంటుంది, రోజూ పప్పే. ఎంత బుద్ధిమంతురాలైందో అన్నాను ప్రతీక్‌తో. ఏందో, నాకైతే బోర్ కొడుతుంది, అన్నాడు.

ఆఫీసులో స్వప్నకు చెప్పాను. వాళ్ళబ్బాయికీ స పలకడం రాదట. హాస్పిటళ్ళ చుట్టూ తిరగకు, నా దగ్గర మెథడ్ ఉంది అన్నాను.

ఆగస్టు 15, శుక్రవారం

చాల్ కింద జెండా ఎగరేశారు. తర్వాత పిల్లల ఐటమ్స్. రుతుజను కుర్చీ ఎక్కించి, కుక్క అను, కాకి అను, అన్నారు. ఈసారి సరిగ్గా అంటుందని అందరికీ చెప్పి పెట్టాను. వద్దు, అంది. సాహిల్ బతిమాలాడు. వద్దు సాహిల్, అంది.

అత్త తిట్టింది, బాబాయిని పేరు పెట్టి పిలుస్తవా, అని. సాహిల్ ముఖం చిన్నబోయింది. కాక అని పిలవట్లేదు ఇది, చాలా రోజులైంది, ఉత్త పేరే, అన్నాడు. పెద్దదవుతోంది, పొగరు, అని నేను సర్ది చెప్పాను.

కుర్చీ దిగి నా చీర పట్టుకుని నిలబడింది. చెయ్యి వేడిగా ఉంది.

ఆగస్టు 22, శుక్రవారం

టీచర్ మళ్ళీ పిలిపించింది. రుతుజ క్లాసులో తడిపేసుకుంటోందట. బాత్రూమ్‌కి పంపితే తలుపు దగ్గరే నిలబడి తిరిగొస్తుందట. ఉచ్చారణ ఇంప్రూవ్ అయిందా అని నేనే అడిగాను. ఏం మాట్లాడుతోందని చెప్పమంటారు, అంది టీచర్. ఈమెకు దేనికీ సంతోషం లేదు.

ఇంటికొచ్చి రెండు దెబ్బలు వేశాను. ఇంత పిల్లవై తడుపుకుంటావా అని. మల్లా చెయ్య అమ్మా, అంది.

ఆగస్టు 24, ఆదివారం

అత్త మధ్యాహ్నం బియ్యం ఏరుతూ, పోరి ఎందుకు అనుడు బంద్ జేసింది, సూసినవా, అంది. ఇదివరకు దినమంతా అదే కదా, ఎందుతు, ఎందుతు, అని. ఇప్పుడు ఏది చెప్పినా ఊఁ అంటుందట.

ఫోన్‌లో బొమ్మలు పెట్టి రుతుజను పిలిచాను.

కుక్క చూపించాను. భౌ భౌ, అంది. కాకి చూపించాను. నల్లపిట్ట. పేరేంటి? నల్లపిట్ట అమ్మా. కత్తెర చూపిస్తే మాట్లాడకుండా రెండు వేళ్ళు ఆడించింది. నా గాజులు చూపిస్తే వాటిని ముట్టుకుని, ఇవి, అంది. కేక్ చూపించాను. చాలాసేపు చూసింది. వద్దు, అంది.

ఒక్క క లేదు, ఒక్క గ లేదు. నేను సున్నా తప్పులని గొప్పలు చెప్పుకున్నాను. ఇది నోరు తెరిచే ముందు ఒక్కో మాటా వెతికి చూసుకుంటోంది, ప్రమాదం లేని మాటయితేనే బయట పెడుతోంది. కావాలె అనదు, అందులో క ఉంది. ఆకలి అనదు. కూర అనదు. ఎక్కడ, ఎందుకు, కథ, కాక, ఏదీ లేదు. దానికి మిగిలింది ఊఁ, వద్దు, ఏం లేదు. ఐదేళ్ళ పిల్లకు అంత లెక్క ఎవరు నేర్పారు? నేనే నేర్పాను. ఇంకెవరు.

ఎంత తెలివి. నాకంటే తెలివి. నాకు భయం వేస్తోంది.

ఆగస్టు 26, మంగళవారం

జ్వరం. నిన్నటినుంచి వణుకు. పిల్లల వార్డులో ఉన్నాం. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, చాలా రోజులుగా ఆపుకుంటోంది అన్నాడు డాక్టర్. కడుపు నొప్పి ఎప్పటినుంచి పాపా, అని దాన్నే అడిగాడు. ఏం లేదు, అంది. పొట్ట మీద చెయ్యి వేయగానే ముడుచుకుపోయింది, కళ్ళ వెంట నీళ్ళు. నొప్పి లేదా? ఏం లేదు. ఇన్ని రోజులు ఇంట్లో మీకు ఒక్కసారి కూడా చెప్పలేదా అని నన్నడిగాడు. కడుపులో క ఉంది సార్, అని చెప్పలేకపోయాను.

గ్యాలరీ సండాస్‌కి అది కడీ పడ్డ ఆ ఆదివారం నుంచి ఒంటరిగా పోలేదట. అత్త ఇప్పుడు చెప్తోంది. అత్త కొంగు పట్టుకుని తలుపు తెరిచి కూర్చునేదట, అదీ రోజుకొకసారి. ముందే ఎందుకు చెప్పలేదంటే, నువ్వు వర్లి తోలుతవని, అంది.

ఆగస్టు 29, శుక్రవారం

స్పీచ్ మేడంని కింద ఆమె గదిలోనే కలిశాను. సండాస్ సంగతి చెప్పాను. తేలిగ్గా, నవ్వుతూ చెప్పాను, మా చాల్‌లో అందరికీ అలవాటే అన్నట్టు. ఆమె నవ్వలేదు. రాస్తున్న పెన్ను పక్కన పెట్టేసింది. నన్ను తిడితే బాగుండేది.

ఇక క సంగతి మర్చిపోండి, అంది. ముందు పాప భయం లేకుండా మాట్లాడాలి, ఎట్లా మాట్లాడినా సరే వెంటనే పలకండి. పిల్లల మనసు చూసే డాక్టర్ దగ్గరికి కూడా పంపుతాను. ఎన్నాళ్ళు పడుతుంది మేడం, అన్నాను. జులైలో అడిగి ఉంటే చెప్పగలిగేదాన్ని, అంది.

సెప్టెంబర్ 4, గురువారం

ఇంటికి తెచ్చాం. గ్యాలరీ అంతా ఒకటే ప్రేమ. అది నోరు తెరవకముందే నలుగురు పలుకుతున్నారు. సాహిల్ మోకాళ్ళ మీద కూర్చుని, తాత అను బిడ్డా, ఒక్కసారి తాత అను, అని ఏడ్చాడు. వద్దు, అంది.

స్వప్న ఫోన్ చేసింది. మెథడ్ బాగా పనిచేస్తోందట.

మంచిది అని పెట్టేశాను. చెప్పాలి. రేపు చెప్తాను.

సెప్టెంబర్ 9, మంగళవారం

వంకాయ కూర చేశాను, దానికి ఇష్టం. గిన్నె ముందు పెట్టి, దాని మాటలోనే, దానిలాగే అడిగాను. తూల తావాలా, లుతుజా?

తల ఎత్తి నన్ను చూసింది.

అమ్మా, తప్పు, అంది.

నేను సరిగ్గా అనేదాకా అది ముద్దకు నోరు తెరవలేదు.